కొట్టిన తర్వాతి అడుగు

ఆ ఎండాకాలం మా తమ్ముడి ఆటలో ఒక తప్పు ఉండేది. దాన్ని మొదట కనిపెట్టింది నేను. పట్టుబట్టి మాన్పించింది కూడా నేనే. అంత తెలివి నాకెందుకు ఏడ్చిందా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను.

ఆటంటే కబడ్డీ కాదు, క్రికెట్ కాదు. రెండు చేతులతో పట్టుకునే పొడుగు కత్తి. లాంగ్‌సోర్డ్ అంటారు. ఎప్పుడో ఐరోపాలో సిపాయిలు వాడినదట. ఇప్పుడు మొద్దు నైలాన్‌తో చేసి ఆటగా ఆడుతున్నారు. దాన్ని కోరుట్లకు తెచ్చినవాడు విశ్వజిత్, మా ఊరు రుద్రంగి దొర శ్యాంసుందర్ రావు కొడుకు. వాళ్లు కోరుట్లలో రైసుమిల్లు పెట్టుకుని అక్కడే ఉండిపోయి ఇరవై ఏళ్లు దాటింది కానీ, రుద్రంగిలో మామిడితోట అలాగే ఉంది. ఆ తోటకు కాపలా మా బాపు సాయన్న. నేను పుట్టకముందు నుంచీ ఆయనే.

విశ్వజిత్ పుణెలో చదువుకునే రోజుల్లో ఈ కత్తి నేర్చుకున్నాడు. మిల్లు చూసుకోవడానికి తిరిగొచ్చాక, ఖాళీగా పడి ఉన్న పాత రేకుల షెడ్డు ఊడ్పించి ఆదివారాలు నేర్పడం మొదలుపెట్టాడు. పదిమంది దాకా వచ్చేవాళ్లు. ఒకడు మిల్లు డ్రైవరు కొడుకు, ఒకడు తవుడు కొనేవాళ్ల అబ్బాయి, ఇద్దరు హమాలీల పిల్లలు. అందరూ ఆ మిల్లుతో ఏదో ఒక పని ఉన్నవాళ్లే. అప్పట్లో నాకది పట్టలేదు.

నేను కత్తి పట్టడానికి కుట్టుమిషన్ కారణం. నాది సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్లో పని. మార్చిలో ఒకనాడు విశ్వజిత్ మా ఇంటి ముందు కారాపి ఒక దళసరి కోటు నా చేతిలో పెట్టాడు.

“అఖిలా, గిసొంటియి ఎనిమిది కావాలె. బయటి దేశం నుంచి తెప్పిస్తే ఎప్పటికొస్తయో ఏమో. కుడ్తవా?”

“లోపట ఎన్ని పొరలున్నయ్ సార్?”

“నాకేం తెల్సు. విప్పి చూడు.”

విప్పితే ఆరు పొరలు. సిరిసిల్ల సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన గట్టి నూలుబట్ట తెచ్చి ఎనిమిది కోట్లు కుట్టాను. మా బాపమ్మ బుచ్చవ్వ గడపలో కూర్చుని చూస్తూ, “ఎండకాలంల గొంగళ్లు కుడుతున్నవేందే బిడ్డా? తొడుక్కునేటోళ్ల మీద గంత పగ పట్టినవా?” అంది.

కోట్లు ఇవ్వడానికి వెళ్లినరోజు, దెబ్బ ఎంతవరకు ఆగుతుందో చూద్దామని నేనే ఒకటి తొడుక్కున్నాను. ఆ తర్వాత ఒక్క ఆదివారం మానలేదు. ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తున్న నవీన్‌ని కూడా బండెక్కించి లాక్కుపోయాను. ఇది కూడా నా ఖాతాలోదే.

నవీన్ అప్పటికి కానిస్టేబుల్ ఆఖరి పరీక్ష రాసి ఉన్నాడు. పరుగు, దూకుడు, గుండు విసరడం అన్నీ ముందే గట్టెక్కాడు. ఇక రావలసింది ఫలితం, ఆ తర్వాత వైద్య పరీక్ష. మా వాడలో ఖాకీ బట్టలు తొడగబోయే మొదటివాడు వాడే. వాడు ట్రైనింగుకు పోయిన రోజు బాపు తోట తాళాలు దొరకు అప్పగించి రావాలి, ఇది నేను, నవీన్, బుచ్చవ్వ అనుకున్న మాట. బాపు ఔననలేదు, కాదనలేదు. కానీ ఆ ఏడాది కాపలా గుడిసె మీద కొత్త గడ్డి కప్పలేదు. మాకు అది చాలు.

విశ్వజిత్ మంచి గురువు. అది చెప్పకపోతే నా నోరు అబద్ధమాడినట్టే. కసురుకోవడం, వెక్కిరించడం ఉండేది కాదు. ప్రతి ఆట అయ్యాక ఇద్దరినీ నిలబెట్టి, ఎవరి తప్పు వాళ్లతోనే చెప్పించేవాడు. తన తప్పు తాను చెప్పనిదే ఎదుటివాడి తప్పు ఎత్తకూడదు. కొత్తవాళ్లంతా చేసే తప్పులు అవే కదా. అడుగు ముందు పడి చేయి వెనకబడితే, ఒళ్లు తీసుకెళ్లి ఎదుటివాడికి అప్పగించినట్టే. పక్కకు జరగాల్సినచోట తిన్నగా వెనక్కి జరుగుతూ గోడకు తగులుకోవడం. చేతికి పని చెప్పకుండా కళ్లు ఆర్పడం. ఇంకొకటి, కొట్టగానే ఆట అయిపోయిందనుకోవడం.

“నువ్వు కొట్టినవని నీకు తెల్సు. ఎదుటోనికి ఇంక తెల్వది,” అనేవాడు విశ్వజిత్. “కత్తి దించొద్దు. ఎత్తి పట్టుకొనే ఎనుకకు జరుగు. దూరం పోయినంక ఊపిరి తీస్కో.”

నవీన్ ఇవన్నీ నెలలో దులిపేసుకున్నాడు. పోలీసు పరీక్షలకు తయారైన ఒళ్లు, చెప్పింది చెప్పినట్టు వినేది. ఒక్క తప్పు మాత్రం మిగిలింది. మనిషిని కొట్టకుండా కత్తిని కొట్టేవాడు. మొదటి వారంలో అందరం అదే చేశాం, కత్తికి కత్తి తగిలితే వచ్చే చప్పుడు బాగుంటుంది మరి. తర్వాత మానుకున్నాం. నవీన్ కూడా నాతో ఆడినప్పుడు మానుకున్నాడు. హమాలీల పిల్లలతోనూ మానుకున్నాడు. విశ్వజిత్ ఎదురుగా నిలబడితే మాత్రం దెబ్బ జానెడు ముందే ఆగేది, లేదంటే వెతుక్కుంటూ వెళ్లి ఆయన కత్తి మీద పడేది.

“మళ్ల కత్తినే కొడుతున్నవ్ నవీన్,” అనేవాడు విశ్వజిత్. “నేనిక్కడున్న. నన్ను కొట్టు.”

“సరే సార్,” అనేవాడు వీడు. మళ్లీ అదే.

ఏప్రిల్ చివర్లో కాయలు తెంపే పనిలో బాపుకు సాయంగా ఇద్దరం తోటకు వెళ్లాం. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు కూర్చున్నప్పుడు రెండు కట్టెలు తీసుకుని వాడిని నిలబెట్టాను.

“నన్ను కొట్టు.”

కొట్టాడు. భుజం మీద చక్కగా తగిలింది. కొట్టి, కట్టె ఎత్తిపట్టుకునే రెండడుగులు వెనక్కి పోయాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

“నన్ను కొట్టత్తది. ఆయన్ను ఎందుకు కొట్టరాదు?”

“చిన్నదొర గదనే అక్కా.”

“ఆయనే కొట్టుమంటున్నడు గదరా.”

“అంటున్నడు. నా చెయ్యి ఇంటలేదు.”

ఆ వారమంతా వాడి చేయి వినేలా చేశాను. పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కేముందు ఒక అరగంట. బాపు అంగీ ఒకటి తొడుక్కుని, నేను విశ్వజిత్‌ననుకో అని నిలబడేదాన్ని. మొదట నవ్వాడు. తర్వాత కొట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు బాపు తోట నుంచి వచ్చి వాకిట్లో నిలబడి చూశాడు.

“ఎవల్ని కొట్టుడు నేర్పుతున్నవే?”

“ఎవల్ని గాదు బాపు. ఆట.”

“ఆటయితే ఓడిపొమ్మను,” అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. ముసలాయన భయాలు మాకెందుకు అనుకున్నాను. ఆయన అంగీ నా ఒంటిమీదే ఉంది.

మే మూడో ఆదివారం. పొద్దున పదింటికే షెడ్డు రేకులు కాలిపోతున్నాయి. నేను కుట్టిన కోట్లు తొడిగితే మనిషి ఉడికిపోయేలా ఉన్నాడు. ముఖానికి వేసుకునే ఇనుప జాలీ ముసుగులయితే ముట్టుకుంటేనే చుర్రుమంటున్నాయి. అందుకని ఆ నెలంతా నెమ్మది ఆట ఆడుతున్నాం. కోటు లేకుండా, ముసుగు లేకుండా, నీళ్లలో నడుస్తున్నంత మెల్లగా. ఏ క్షణాన ఆపాలన్నా ఆపగలిగేంత వేగమే ఉండాలి. నియమం మంచిదే. అయితే ఒకడు ఒక పిసరు తొందరపడితే ఇంకొకడు రెండు పిసర్లు తొందరపడతాడు. చివరికి నెమ్మది ఆట పేరుకే మిగులుతుంది, ముసుగులు మాత్రం మేకులకే వేలాడతాయి. అందరం ఈ తప్పు చూశాం. ఆటయ్యాక ఒక్కరం కూడా చెప్పలేదు.

నవీన్, విశ్వజిత్ నిలబడ్డారు. నేను గోడ దగ్గర నీళ్ల క్యాన్ మీద కూర్చుని ఉన్నాను. మూడు నాలుగు మార్లు కత్తులు కలిసి విడిపోయాయి. విశ్వజిత్ ఒకసారి వీడి చేతికి తాకించాడు, ఒకసారి తొడకు. వేగం పెరిగింది. నవీన్ నావైపు ఒక్కసారి చూశాడు. నేను తలూపాను.

ఆ దెబ్బ ఎంత బాగా కుదిరిందో ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా సిగ్గేస్తుంది. చేయి ముందు, అడుగు వెనక. విశ్వజిత్ కత్తి పక్కకు పోయిన క్షణంలో వీడి కత్తి పోయి ఆయన భుజం మీద పడింది. పలుచని బనీను మీద పడ్డ చప్పుడు షెడ్డంతా వినిపించింది. పక్కన ఆడుతున్నవాళ్లు ఆగిపోయారు.

నవీన్ కత్తి దించేశాడు.

ఎడమచేయి పిడి మీది నుంచి తీసేసి, తల కొంచెం వంచి, ఒక అడుగు ముందుకు వేశాడు. “తాకిందా సారూ?” అన్నాడు.

విశ్వజిత్ కత్తి కింది నుంచి పైకి వచ్చింది. కోపంతో కొట్టాడని నేననను. చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను, కోపం కాదు. కాలు జారినవాడు చేతికి దొరికింది పట్టుకున్నట్టు వచ్చిన దెబ్బ అది. మొద్దు కత్తే. దాని కొన వచ్చేచోటికి నవీన్ తన ముఖాన్ని తానే తీసుకెళ్లాడు.

వాడు పడిపోలేదు. కత్తిని జాగ్రత్తగా నేల మీద పెట్టి, పక్కనే కూర్చున్నాడు. ఎడమకన్ను మీద అరచేయి ఉంది.

“ఏం గాలే,” అన్నాడు. “ఏం గాలే అక్కా. ఆడుండ్రి.”

జగిత్యాలకు కారు తోలింది విశ్వజితే. ఖాళీ రోడ్డు మీద కూడా హారన్ కొడుతూ పోతుంటే చూసి, పాపం అనిపించింది నాకు. నా తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని ఆయన మీద జాలిపడ్డాను, అదీ నా సంగతి. కంటి డాక్టర్ లోపలికి తీసుకెళ్లి, చాలాసేపటికి బయటికొచ్చి, హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు. కనుగుడ్డు నిలుస్తుంది కానీ చూపు సంగతి చెప్పలేనన్నాడు. కాగితాలు తయారయ్యేసరికి రుద్రంగి నుంచి బాపు వచ్చాడు. కోరుట్ల నుంచి శ్యాంసుందర్ రావు వచ్చాడు. అప్పుడు ఒక నర్సు రిజిస్టరు పట్టుకుని వచ్చి, దెబ్బ ఎట్లా తగిలిందో చెప్పమంది.

విశ్వజిత్ నోరు తెరిచాడు. అది నేను చూశాను. ఆయన చెప్పేవాడే.

“మామిడికాయలు తెంపుతుంటే కట్టె తాకిందమ్మా,” అన్నాడు బాపు.

అలా చెప్పమని ఎవరూ అనలేదు, ఎవరూ నేర్పలేదు. వచ్చి ఇంకా చెమట కూడా తుడుచుకోలేదు. నర్సు రాసుకుంది. విశ్వజిత్ నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. శ్యాంసుందర్ రావు బాపు భుజం మీద చేయి వేసి, “సాయన్నా, పోరనికి ఏం గావాలన్నా మేమున్నం. రంది వెట్టుకోకు,” అన్నాడు. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు కూడా. హైదరాబాదులో ఆపరేషన్ అయ్యేదాకా మనిషిని తోడుంచాడు.

నేను బాపును మెట్ల దగ్గరికి లాక్కుపోయాను. “అబద్ధం ఎందుకు చెప్పినవ్?”

“మరేం చెప్పాలె?”

“ఆయన కొట్టిండని చెప్పు. ఉన్నదే చెప్పు.”

బాపు నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. “మొదలు కొట్టింది ఎవలు? మనోడు గాదా? దొర కొడుకును కొట్టిండని బుక్కుల రాయిస్తనా?”

కన్ను పోయింది వాడిది. అయినా బాపు దాచింది ఆ కన్ను పోగొట్టిన దెబ్బను కాదు, అంతకుముందు వాడు కొట్టిన దెబ్బను. ఆ రోజు నుంచి చాలాకాలం బాపుతో సరిగా మాట్లాడలేదు నేను.

ఫలితాలు వచ్చేసరికి నవీన్ కట్టు విప్పి పది రోజులయింది. వాడి నంబరు లిస్టులో ఉంది. ఫోన్‌లో నేనే చూశాను. చూసి, లేదని చెబుదామా అనుకున్నాను కూడా. బుచ్చవ్వ మాత్రం పక్కింటివాళ్లందరికీ చెప్పి వచ్చింది.

“ఒక కన్నుతోటి తీస్కోరా ఏంది? దొంగను పట్టుకోవడానికి కాళ్లు గావాలె గని,” అంది. ఎవరం నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదేమో.

తొలకరి పడ్డ మర్నాడు విశ్వజిత్ ఇంటికొచ్చాడు. నవీన్ ఇంట్లో లేడు. బుచ్చవ్వ మంచం వాల్చి, నీళ్లిచ్చి లోపలికి పోయింది. ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ మొదలుపెట్టాడు.

“నాకు తాకిందని నాకు తెలువలే అఖిలా. నిజంగ. తాకినంక ఏం చేయాల్నో నా చేతులకు తెలువలే. రెండు నెలల నుంచి నాకు ఎవ్వలు తాకియ్యలే గదా.”

“తాకియ్యరాక గాదు సార్. ఆపుకున్నం.”

“ఎవలు?”

“అందరం.”

గ్లాసు కింద పెట్టాడు. “నువ్వు గూడనా?”

“నేను గూడ.”

ఆ మాట అనేదాకా నాకే తెలియదు. ఆయనతో ఆడిన ప్రతిసారీ నా దెబ్బా జానెడు ముందే ఆగింది. నేను ఆడపిల్లను, బలం తక్కువ అని సర్దిచెప్పుకున్నాను. నాకు చేతకాని పని తమ్ముడికి నేర్పి ముందుకు తోశాను. పైగా ఎంతవరకు నేర్పాను? కొట్టడం వరకే. కొట్టిన తర్వాత వాడు నా ఎదుట వెనక్కి జరిగాడు కాబట్టి ఆయన ఎదుట కూడా జరుగుతాడనుకున్నాను. దొరబిడ్డకు దెబ్బ తగిలితే మా ఒళ్లు ఎటు జరుగుతుందో ఎవరూ అంతకుముందు చూడలేదు. చూడాలంటే ఎవరో ఒకరు కొట్టి ఉండాలి కదా.

విశ్వజిత్ లేచి వెళ్లిపోయాడు. ఆ వారమే షెడ్డుకు తాళం పడింది. ఇప్పుడు అందులో తవుడు బస్తాలు ఉన్నాయి.

సిరిసిల్లలో వైద్య పరీక్షకు రమ్మని పిలుపు వచ్చింది. నాలుగు రోజుల ముందు నవీన్ నన్ను కోరుట్లలో కళ్లద్దాల దుకాణానికి తీసుకెళ్లాడు. నేను అద్దాలు బేరం చేస్తున్నట్టు నటిస్తూ గోడ మీద చూపు పరీక్షించే అక్షరాల పట్టీ మొత్తం రాసుకున్నాను. పెద్ద అక్షరం నుంచి చీమతలకాయంత వరుస దాకా. వాడు నాలుగు రోజులూ దాన్ని వల్లించాడు. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకు. బుచ్చవ్వ ఏదో మంత్రమనుకుంది. తప్పని నాకు తెలుసు. అయినా తప్పు దొర్లితే సరిదిద్దుతూ కూర్చున్నాను.

ఆ రోజు బాపు కూడా వచ్చాడు. ఉతికిన ధోవతి, చేతిలో గొడుగు. వరండాలో యాభై మంది పిల్లలు, వాళ్లతో వచ్చినవాళ్లు. గది తలుపు తీసే ఉంది, మేము గుమ్మం పక్కనే నిలబడ్డాం. నవీన్ కుర్చీలో కూర్చున్నాడు. కుడికన్నుతో పట్టీ మొత్తం చదివాడు, తడబాటు లేదు. తర్వాత ఎడమకన్ను. డాక్టర్ పట్టీ వైపు చూడలేదు. కుర్చీ దగ్గరికి జరిగి, వాడి కుడికన్ను మీద అట్టముక్క పెట్టి, తన చేయి ఎత్తాడు.

“ఎన్ని వేళ్లు?”

నవీన్ ముఖాన్ని కొంచెం ముందుకు జరిపాడు.

“రెండు సార్.”

డాక్టర్ అయిదు వేళ్లూ అలాగే పట్టుకుని ఉన్నాడు. కాసేపటికి చేయి దించి, చిన్న టార్చి వేసి కన్ను చూశాడు. ఆయన గొంతులో విసుగు లేదు. “ఎట్ల తగిలింది బాబూ గిది?”

నా పక్కనుంచి బాపు ఒక అడుగు ముందుకు వేశాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు.

“కత్తి ఆట సార్,” అన్నాడు నవీన్ గదిలోంచి. గొంతు పెద్దగానే వచ్చింది. “మొదలు నేనే కొట్టిన. మంచిగ తాకింది. కొట్టినంక ఎనుకకు జరగాలె, నేను ముందుకు పోయిన.”

బాపు అడుగు అక్కడే ఆగిపోయింది. డాక్టర్ కాగితం మీద అన్‌ఫిట్ అని రాసి తర్వాతి నంబరు పిలిచాడు.

బస్టాండు దాకా ముగ్గురం నడిచాం. సన్నగా వాన పడుతోంది, బాపు గొడుగు విప్పి వాడి మీద పట్టాడు. రోడ్డు దాటాక, వాడి ముఖం చూడకుండా అడిగాడు.

“ఏ భుజం మీద కొట్టినవ్ రా?”

“ఎడమది బాపు.”

“ఊఁ,” అన్నాడు బాపు. కాసేపటికి ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత రుద్రంగిలో బస్సు దిగి, గొడుగు వాడి చేతికిచ్చి, తాళాల గుత్తి నడుముకు దోపుకుని తోటకు వెళ్లిపోయాడు.